పాచికి కలుపు తీసిన మా అవ్వ

మొన్నటి ముసురుకు హనుమకొండలో మా ఇంటి వెనక ప్రహరీ గోడంతా పాచి పట్టింది. సున్నం వేయిద్దామని మనిషిని పిలిస్తే అతను ఇనుప బ్రష్షు తీసి గీకడం మొదలుపెట్టాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న మా అవ్వ, "జర పైలంగ గీకు బిడ్డా, జపాన్ల అయితే దానికి కావలి మనిషిని పెడుతరు" అన్నది. ముసలామెకు ఏమైనా అయిందా అన్నట్టు అతను నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వెనక సంగతి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

మా సుల్తానాబాద్ దిక్కు పల్లెల్లో చాలామంది అమ్మను అవ్వ అనే పిలుస్తారు. కోస్తా మిత్రులు ఈ మాట వినగానే నాయనమ్మ అనుకుంటారు, అందుకని ముందే చెబుతున్నాను. మా అవ్వ బడికి పోలేదు. మూడెకరాల ఎవుసం, రెండు బర్లు, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లు, ఇదీ ఆమె లోకం. నాట్లలో, కలుపులో ఆమె వరుసను అందుకునే మనిషి ఊళ్లో లేదని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆమే అనుకోండి.

2009 అక్టోబరులో పరిశోధన ఉద్యోగం మీద నేను జపాన్‌లోని క్యోటోకు వెళ్లాను. అంతకు ఆరు నెలల ముందే నాయిన పోయాడు. ఒక్కగానొక్క కొడుకువు, ఆమెను ఒక్కదాన్ని వదిలి పోతావా అని చుట్టాలు మొహం మీదే అన్నారు. అవ్వ మాత్రం "సదువుకున్నది పోవటానికే గదా" అని బ్యాగులో సకినాలు సర్దింది. సుల్తానాబాద్ బస్టాండులో నేను బస్సెక్కే దాకా ఏడవలేదు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదని చిన్నమ్మ చెబితే తెలిసింది.

జోదోజి అనే పేటలో ఆరు చాపల గది అద్దెకు తీసుకున్నాను. అక్కడ గది కొలత నేల మీద పరిచే తతామి చాపల లెక్కన చెబుతారు. ఆరు చాపలంటే ఒక మనిషి, ఒక పరుపు, ఒక బల్ల, అంతే. మొదటి చలికాలం నన్ను పిండేసింది. క్యోటోకు మూడు పక్కలా కొండలు, నడుమ పళ్లెంలా ఊరు. చలి నేలలోంచి పుట్టి పాదాల గుండా ఎక్కుతుంది. దానికి సోకొబియే అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు, అడుగు నుంచి వచ్చే చలి అని. ల్యాబులో ప్రయోగాలు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటున్నాయి. భాష రాదు. శని, ఆదివారాల్లో నోరు తెరిచి మాట్లాడేది కొట్టు దగ్గర "అరిగతో" అనే ఒక్క మాట. ఫోన్‌లో అవ్వ "మంచిగున్నవా" అంటే "మస్తున్న" అనేవాణ్ని. నేనడిగితే ఆమె కూడా అదే అనేది. ఇద్దరిదీ అబద్ధమేనని ఇద్దరికీ తెలుసు.

గదికి అయిదు నిమిషాల నడకలో ఒక కాలువ ఉంది. దాని గట్టు మీద దాదాపు రెండు కిలోమీటర్లు బాట, పొడవునా చెర్రీ చెట్లు. క్యోటో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన నిషిద కితారో ఇక్కడ నడుస్తూ ఆలోచించుకునేవాడట. అందుకే దాన్ని తత్వవేత్త బాట అంటారు. నేను మాత్రం గదిలో హీటరు కరెంటు మిగులుతుందని నడిచేవాణ్ని.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున, మంచు కురిసి ఆగాక, బాట వదిలి కొండ వైపు సందు పట్టాను. వెదురు, దేవదారు చెట్ల నీడలో కొంచెం ఎక్కితే గడ్డి కప్పిన ఒక చిన్న దర్వాజ. గడ్డి మీద పాచి, పాచి మీద మంచు. ఒక్క క్షణం అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఎడ్ల కొట్టం కళ్ల ముందుకొచ్చింది. బోర్డు చదవడం రాదు. టికెట్ అడిగే మనిషి లేడు. లోపలికి పోయాను. అది హొనెన్-ఇన్ అని తర్వాత తెలుసుకున్నాను.

క్యోటోలో పదహారు వందల దాకా బౌద్ధాలయాలు ఉన్నాయంటారు. బంగారు రేకుల మందిరం, పదిహేను రాళ్ల తోట లాంటి వాటికి బస్సుల కొద్దీ జనం పోతారు. పోవలసినవే, నేనూ పోయాను. కానీ రాళ్ల తోటలో మౌనంగా కూర్చోవాలంటే ముందు అరుగు మీద చోటు కోసం సర్దుకోవాలి. హొనెన్-ఇన్ ఆ రద్దీకి కాస్త ఎడంగా ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో పుట్టిన హొనెన్ అనే భిక్షువు శిష్యులతో కలిసి బుద్ధ నామం జపించిన చోట 1680లో కట్టింది. ఆయన చెప్పింది చాలా సులువు. పెద్ద చదువులు, కఠిన సాధనలు అందరి వల్లా కావు, అమితాభ బుద్ధుడి పేరు మనసు పెట్టి తలుచుకుంటే చాలు. "నము అమిద బుత్సు." నము అంటే మన నమో. మా ఊరి భజన మండలి వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పే పని లేదు, శనివారం రాత్రుళ్లు వాళ్లు తాళాలతో చేసేది అదే.

దర్వాజ దాటి మెట్లు దిగితే దారికి అటూ ఇటూ రెండు పెద్ద ఇసుక దిమ్మెలు. తెల్ల ఇసుకను చదరంగా, మట్టంగా కొట్టి పైన నీటి అలల్లా గీతలు గీసి ఉంటాయి. ఆ రెండింటి నడుమ నుంచి నడిస్తే నీళ్లలో మునిగి లేచినట్టే, ఒళ్లూ మనసూ శుద్ధి అయినట్టే అని వాళ్ల భావన. ఋతువును బట్టి గీతలు చెరిపి కొత్త బొమ్మ వేస్తారు. ఆ తర్వాత చిన్న కుంట, రాతి వంతెన, ఎటు చూసినా పాచి. చెట్ల మొదళ్లకు, రాళ్లకు, నేలకు, అంతటా. ఒక రాతి తొట్టిలో నీళ్లు, నీళ్లలో ఎవరో వదిలిన ఎర్రటి కామెలియా పువ్వు. నేను అక్కడ అరగంట ఊరికే నిలబడ్డాను. ఎక్కడి నుంచి వచ్చావు, ఎప్పుడు పోతావు అని ఎవరూ అడగలేదు. జపాన్ వచ్చాక ఆ రెండు ప్రశ్నలు వినని మొదటి అరగంట అది.

ఆ రోజు నుంచి దాదాపు ప్రతి ఆదివారం పోయేవాణ్ని. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు పరీక్షల టెన్షన్ పెరిగితే భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయి కూర్చునే అలవాటు ఉండేది. అదే అలవాటు, ఊరు మారింది. గుడి లోపలి మందిరం ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు. ఒక నవంబరులో చూశాను. అమితాభుడి ముందు నున్నటి నల్లటి చెక్క మీద పాతిక పువ్వులు విడివిడిగా పెట్టి ఉన్నాయి. బుద్ధుడితో పాటు వచ్చే ఇరవై అయిదుగురు బోధిసత్వులకు అవి గుర్తు. ప్రతి రోజూ తాజావి పెడతారు. పువ్వుకూ పువ్వుకూ మధ్య వదిలిన ఖాళీ నాకు పువ్వుల కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది.

2011లో పెళ్లయింది. మరుసటి ఏడాది జూన్‌లో మా ఆవిడకు కాన్పు డేట్ ఇచ్చారు. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ కావడంతో అవ్వ రాక తప్పలేదు. మూడేళ్లుగా "బర్లకు గడ్డి ఎవరేస్తరు" అని దాటేస్తున్న మనిషి, కోడలు కోసం అనేసరికి బర్లను చిన్నమ్మకు అప్పజెప్పి మే చివర్లో విమానం ఎక్కింది. తొంభై రోజుల వీసా. ఒసాకా విమానాశ్రయంలో వీల్‌చైర్ అసిస్టెన్స్ పెట్టిస్తే, కుర్చీలో కూర్చోవడం నామోషీ అని ఆ కుర్చీని తోసుకుంటూ బయటికొచ్చింది. దాని మీద ఆమె సంచి. వెనక కుర్చీ తోయాల్సిన అమ్మాయి ఏం చేయాలో తెలియక వంగి వంగి దండాలు.

మొదటి వారం బాగానే గడిచింది. అప్పటికి రెండు గదుల ఇంట్లోకి మారాం. పచ్చిపులుసు చేసింది, జొన్నపిండి తెచ్చింది గనక రొట్టెలు చేసింది. తర్వాత మొదలైంది. "గీడ మనుషులున్నరా కొడుకా? చప్పుడే లేదు." వరండాలో నిలబడితే ఎదురింటి వాళ్లు తల వంచి నమస్కారం పెట్టి లోపలికి పోతారు. "నన్ను జూసి బుగులు పడుతుండ్రా ఏంది?" అని ఆమెకు అనుమానం. ఊళ్లో అయితే పొద్దున సాన్పి చల్లేటప్పటికే నలుగురితో మాట అవుతుంది. ఇక్కడ కోడలు పడుకుంటే, నేను ల్యాబుకు పోతే, గోడలతో కూర్చోవాలి.

ఒక సాయంత్రం కాలువ గట్టుకు తీసుకుపోయాను. చెర్రీ పూలు ఎప్పుడో రాలిపోయాయి, ఆకుపచ్చ నీడ మిగిలింది. ఆమె చెట్లను చూడలేదు, నీళ్లను చూసింది. "గీ కాలువ ఎక్కడికెల్లి అస్తది? వంతులు లేవా? బందు పెట్టరా?" ఎస్సారెస్పీ కాలువ కింద బతికిన మనిషి అడిగే ప్రశ్నలు అవి. మాకు నీళ్లు వారం వదిలి వారం బందు పెట్టేవాళ్లు. తూము దగ్గర రాత్రి కావలి పడుకున్న రోజులు నాకూ గుర్తే.

నాకు తెలిసింది చెప్పాను. కొండకు అవతల బివా అని పెద్ద సరస్సు ఉంది. రాజధాని టోక్యోకు పోయాక క్యోటో డీలా పడితే, ఊరిని మళ్లీ నిలబెట్టడానికి కొండలు తొలిచి ఆ సరస్సు నీళ్లు తెచ్చారు. 1885లో పని మొదలై 1890లో నీళ్లు పారాయి. పని చేయించిన ఇంజనీరుకు అప్పటికి ముప్పై కూడా లేవు. ఆ నీళ్లతోనే కరెంటు కూడా తీశారు. ఈ బాట పక్కన పారేది దాని పాయ, ఊళ్లో వాగులన్నీ దక్షిణానికి పారితే ఇది ఉత్తరానికి పారుతుంది. ఇంకో మాట కూడా చెప్పాను. ఆ సరస్సులో ఒక దీవి ఉంది, అక్కడ బెంజైతెన్ అనే అమ్మవారికి గుడి ఉంది. చేతిలో వీణ లాంటి వాద్యం ఉంటుంది. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి పోయిన సరస్వతే ఆమె.

అవ్వ ఆగిపోయింది. "అంటే బాసర నీళ్లే అన్నట్టు."

నేను అప్పటిదాకా అలా ఆలోచించలేదు. బాసర సరస్వతి దాటిన గోదావరి పోచంపాడు దగ్గర ఆగుతుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఎస్సారెస్పీ అదే, అక్కడి నుంచే కాకతీయ కాలువ కరీంనగర్ మీదుగా వరంగల్ దాకా పోతుంది. మా మూడెకరాలు తాగింది ఆ నీళ్లే. అవ్వ కాలువలో చేయి ముంచి తల మీద చల్లుకుంది, నా తల మీద కూడా. అటుగా కుక్కపిల్లను తిప్పుతున్న ఒక పెద్దాయన మర్యాదగా వేరే వైపు చూశాడు.

ఆ తర్వాతి ఆదివారం హొనెన్-ఇన్‌కు తీసుకెళ్లాను. జూన్ వానలు మొదలయ్యాయి. అక్కడ దాన్ని త్సుయు అంటారు, రేగు పళ్లంత ఉమె కాయలు పండే వేళకు వచ్చే ముసురు. పాచిని చూడాలంటే అప్పుడే చూడాలి. దర్వాజ దగ్గర గడ్డి కప్పు తడిమి "మంచిగనే కప్పిండ్రు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఇసుక దిమ్మెల దగ్గర చాలాసేపు నిలబడింది. "ముగ్గేసిండ్రు. సుక్కలు పెట్టలే. పిండితోని గాకుండ ఇసుకలనే గీసిండ్రు." వానకు చెరిగితే మళ్లీ గీస్తారని చెబితే "మరి ముగ్గంటే అంతే గదా" అన్నది. సౌందర్యం, అనిత్యత అంటూ నేను చదువుకున్న మాటలు కొన్ని నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

లోపల పాచి మీద నలుగురు ఆడవాళ్లు వంగి పని చేస్తున్నారు. తల మీద టోపీ, మెడకు తువ్వాల, చేతిలో చిన్న వెదురు పుల్ల. పాచి దెబ్బతినకుండా దానిలోంచి మొలిచిన గడ్డి పరకలను ఒక్కొక్కటే వేళ్లతో లాగుతున్నారు. అవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాచికి కలుపు దీస్తుండ్రా? కొడుకా, పాచికి?" మా బావి మెట్ల మీది పాచిని ఏటా కొబ్బరి పీచుతో రుద్దిన మనిషి. పాచి మీద జారి కాలు విరిగిన మా పెద్దనాయన పేరు తీసి, "మీ పెద్దనాయిన ఇది సూస్తే మళ్ల పడుతడు" అని నవ్వింది. గుళ్లో అంత గట్టిగా నవ్వు విని ఆ నలుగురూ తలెత్తారు. నేను సిగ్గుతో చచ్చాను. వాళ్లు నవ్వుతూ తల వంచారు.

మరుసటి బుధవారం మధ్యాహ్నం మా ఆవిడ ల్యాబుకు ఫోన్ చేసింది. అత్తమ్మ రెండు గంటలుగా కనిపించడం లేదని. నా గుండె జారిపోయింది. ఫోన్ లేదు, భాష రాదు, అడ్రస్ చీటీ బల్ల మీదే ఉంది. సైకిల్ మీద కాలువ వెంట పోతూ నీళ్లలోకి కూడా చూశాను, అబద్ధం ఎందుకు. చివరికి గడ్డి దర్వాజ దాటితే, ఆ నలుగురి పక్కన అయిదో మనిషి. చీర కుచ్చెళ్లు దోపి, మడిమల మీద కూర్చొని, పాచిలోంచి కలుపు తీస్తోంది. ఆమె వరుస మిగతా వాళ్లకన్నా ఒక బారెడు ముందుంది.

వాళ్లలో పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, నన్ను చూసి లేచి క్షమాపణ చెప్పింది. మొదట వద్దన్నామని, కానీ ఆమె చేతులు చూశాక వద్దనలేకపోయామని. వచ్చీరాని నా జపనీసులో అర్థమైంది అంతే. నేను కోపంగా "చెప్పి రావద్దా" అంటే, అవ్వ తలెత్తకుండా "సూడు, పులిచింత. గీడ గూడ ఉన్నది" అని మూడాకుల పరక ఒకటి చూపించింది. చిన్నప్పుడు చేను గెట్ల మీద తెంపుకుని తిన్నదే. మూడు ఆకులు, పసుపు పువ్వు. అక్కడ దాని పేరు కతబామి. అవ్వ ఒక ఆకు నోట్లో వేసుకుని ఇంకొకటి పెద్దావిడకు ఇచ్చింది. ఆమె కూడా నమిలి, పులుపుకు కన్ను మూసి, చిన్నపిల్లలా నవ్వింది. తను కూడా చిన్నప్పుడు తినేదాన్నని సైగ చేసింది.

తర్వాత వారానికి మూడు రోజులు అదే పని. కాన్పు ముందు రోజు కూడా పోయింది. జీతం లేదు, ఎవరూ అడగలేదు. వాళ్లను "చెల్లె" అని పిలిచేది. వాళ్లు ఈమెను "ఓకాసాన్" అనేవాళ్లు, అమ్మా అని. ఈమె తెలుగులో చెప్పేది, వాళ్లు జపనీసులో చెప్పేవాళ్లు. ఒకావిడకు కోడలితో పడదని, ఇంకొకావిడ భర్త మంచాన ఉన్నాడని అవ్వ ఇంటికొచ్చి నాకు చెప్పేది. ఎలా తెలిసిందంటే "కలుపు తీసేటప్పుడు చెప్పుకునేటియి ఇంకేముంటయి" అనేది. నేను రెండున్నరేళ్లుగా ఆ తోటలో మౌనం వెతుక్కున్నాను, ఆమె నెల రోజుల్లో ముచ్చట పెట్టుకునే మనుషులను సంపాదించింది. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

జూన్ మూడో వారంలో బిడ్డ పుట్టింది. ఆ సందడి, ఆసుపత్రి, నిద్ర లేని రాత్రులు, అవి ఎవరింట్లోనైనా ఒకటే, ఇక్కడ రాయను.

జూలైలో ఒక మబ్బు రోజు అవ్వను తీసుకురావడానికి పోతే, పని అయిపోయి గుడి పక్క శ్మశానం వైపు చూస్తూ కూర్చుంది. సమాధుల వెనక పొడుగాటి పలుచని చెక్కలు నిలబెట్టి ఉంటాయి, పైకొసలు గంట్లు పెట్టి, మీద రాతతో. అవేమిటని అడిగింది. పోయిన వాళ్ల పేరున నిలబెడతారు, సోతోబ అంటారు అన్నాను. "స్తూపం అనే మాటే అవ్వా, చైనా గుండా ఇక్కడికొచ్చేసరికి సోతోబ అయింది."

"స్తూపమా? ధూళికట్టల తవ్విండ్రు, గదేనా?"

నేను ఆమె మొహంలోకి చూశాను. ధూళికట్ట మా అవ్వ తల్లిగారి ఊరికి దగ్గర. శాతవాహనుల కాలపు మట్టికోట, బౌద్ధ స్తూపం అక్కడ బయటపడ్డాయని పుస్తకాల్లో చదివాను గానీ, ఆ పేరు ఆమె నోట ఎన్నడూ వినలేదు.

"నీకెట్ల తెలుసు?"

"నేనే మోస్తి గద మట్టి."

1970లలో పురావస్తు శాఖ వాళ్లు అక్కడ తవ్వకాలు చేశారు. అప్పటికి ఈమెకు పద్నాలుగు, పదిహేనేళ్లు. తల్లితో పాటు కైకిలి, అంటే కూలికి, పోయింది. "మొగోళ్లు గడ్డపారలతోని తవ్వుడు, మేం తట్టలల్ల మోసి వాగు దిక్కు పోసుడు. ఒకనాడు పెద్ద బండ ఎల్లింది. దాని మీద పాము, పడగలిప్పుకోని. నాగులయ్య ఎల్లిండని అందరం దండం పెట్టినం. మా అవ్వ ఉరికి పోయి పసుపు కుంకుమ తెచ్చి పూసింది. సారు అచ్చి మా మీద గరమైండు. నీళ్లు పెట్టి కడిగిపిచ్చిండు. మా అవ్వ ఆ పొద్దు అన్నం తినలే."

ఆ పాము ముచిలిందుడని చెప్పాను. జ్ఞానోదయం అయ్యాక బుద్ధుడు చెట్టు కింద కూర్చుని ఉంటే ఏడు రోజులు వాన కురిసిందట, ఆ నాగరాజు పడగ విప్పి తడవకుండా కాచాడట. ధూళికట్ట పలకల మీద ఉన్నది ఆయనే. ఆ కాలపు శిల్పులు బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు, పాదాలు, ఆసనం, చెట్టు లాంటి గుర్తులే పెట్టేవాళ్లు అని కూడా చెప్పాను. అవ్వ కొంచెంసేపు ఆలోచించింది.

"అయితే మేం పెట్టిన దండం ఖరాబు గాలేదు" అన్నది. కాసేపాగి, "మా అవ్వకు చెప్తే బాగుండు."

ఆ మాట మర్నాడు ల్యాబులో మా సీనియర్‌తో పంచుకుంటే అతను ఇంకొక ముడి విప్పాడు. మన బౌద్ధాచార్యుడు నాగార్జునుణ్ని జపాన్ బౌద్ధులు అనేక శాఖలకు మూలపురుషుడిగా కొలుస్తారు. ఆయన పేరు అక్కడ రియూజు. రియూ అంటే డ్రాగన్, అది నాగకు అనువాదం. జు అంటే చెట్టు, అర్జున చెట్టుకు. పామును వాళ్లు రెక్కల్లేని మబ్బుల జంతువుగా మార్చుకున్నారు, అంతే తేడా. అవ్వకు ఇది చెబితే పెద్దగా పట్టించుకోలేదు. ఆమె మనసు కడిగించిన పసుపు దగ్గరే ఉంది.

ఆగస్టు 16 రాత్రి క్యోటోలో అయిదు కొండల మీద మంటలు వేస్తారు. ఒబోన్ అనే పండుగ రోజుల్లో ఇంటికొచ్చారనుకునే, చనిపోయిన పెద్దలను తిరిగి సాగనంపే మంటలు. హొనెన్-ఇన్ వెనక ఉన్న కొండల వరుసలోనే, న్యోయిగతకె మీద, రాత్రి ఎనిమిదింటికి 'పెద్ద' అనే అర్థం వచ్చే అక్షరం ఆకారంలో మంట లేస్తుంది. మా ఇంటి మేడ మీదికి పోతే సగం కనిపించేది. ఇది పెద్దలకు బియ్యమిచ్చే మన పెత్రామాస (పితృ అమావాస్య) లాంటిదని పొద్దున అన్నానేమో, అవ్వ ఏం మాట్లాడలేదు. సాయంత్రం స్నానం చేసి, స్టీలు పళ్లెంలో బియ్యం, ఒక వంకాయ, కొంచెం పప్పు పెట్టుకుని మేడ మీదికొచ్చింది. కొండ మీద మంట అంటుకునే వేళకు సంచిలోంచి ఒక బీడీ కట్ట తీసింది. దారం సగం ఊడి, ఆకు ఎండి పొడవుతోంది.

"ఇదెట్ల తెచ్చినవవ్వా?"

"మీ నాయిన అంగి జేబుల ఉండె."

మూడేళ్లు దాచింది. ఆ బీడీలు ఆమె చుట్టినవే, నాకు తెలుసు. ఎవుసం పని లేని రోజుల్లో మా వాడకట్టులో ఆడవాళ్లందరూ చుట్టేవాళ్లు. ఒకటి తీసి పళ్లెంలో బియ్యం పక్కన పెట్టింది. పక్క మేడల మీద జనం మంటకు చేతులు జోడిస్తున్నారు. అవ్వ కూడా జోడించింది. అరగంటలో మంట తగ్గి కొండ నల్లబడింది. పాప ఏడుస్తోందని మా ఆవిడ కింది నుంచి పిలిచింది.

పోయే ముందు రోజు చెల్లెళ్లందరికీ మామిడికాయ తొక్కు సీసాలు ఇచ్చింది. పెద్దావిడ తను ఆ వానాకాలం ఊరబెట్టి ఎండలో ఆరబెట్టిన ఉమెబోషి ఇచ్చింది, ఉప్పులో ఊరిన ఎర్రటి కాయలు. పచ్చళ్ల మార్పిడి దగ్గర ఇద్దరిలో ఎవరిది పుల్లన అని కాసేపు పోటీ జరిగింది. మళ్లీ వస్తావా అని ఆమె అడిగింది. నేను అనువదించేలోపే అవ్వ "నువ్వే రా చెల్లె, నాట్లప్పుడు" అన్నది. ఆ ఉమెబోషి డబ్బా ఊళ్లో ఎవరూ ముట్టలేదు. అవ్వ మాత్రం పెరుగన్నంలో రోజుకొకటి నంజుకుని సంక్రాంతికల్లా అవగొట్టింది.

2015లో మేం తిరిగొచ్చి హనుమకొండలో ఇల్లు తీసుకున్నాం. మరుసటి జనవరిలో, పాపకు మూడున్నరేళ్లప్పుడు, అందరం ధూళికట్ట పోయాం. దారిలో కరీంనగర్ మ్యూజియంలో ఆగాం, ఆ చుట్టుపక్కల దొరికినవి అక్కడ కొన్ని ఉన్నాయి. అవ్వ అద్దాల పెట్టెలన్నీ తొందర తొందరగా చూసేసింది. "సల్లబడక ముందు పోదాం పాండ్రి."

ధూళికట్టలో స్తూపం దగ్గర కారు దిగాం. రాతి పలకల గుండ్రం, చుట్టూ గడ్డి, దూరంగా పత్తి చేలు, హుస్సేనీ వాగు. నేను పాపకు ఇది బుద్ధుడి గుర్తు అని చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ స్తూపం వైపు ఒక దండం పెట్టి ఆగకుండా ముందుకు నడిచింది. మేం వెనకే పోయాం. వాగు దిక్కున ఒక మట్టి కుప్ప ఉంది, తుమ్మ పొదలు మొలిచి, మేకలు ఎక్కి దిగి బాట పడి. ఎవరైనా చూసి ఊరికే దిబ్బ అనుకుంటారు.

"గిదే" అన్నది. "నేను పోసిన మట్టి."

అవునో కాదో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమె మాత్రం ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ఏ పక్క నుంచి తట్ట ఎత్తుకుని ఎక్కేవాళ్లో, తన తల్లి ఎక్కడ కూర్చుని ఊపిరి పీల్చుకునేదో పాపకు చూపించింది. పాప ఆ మట్టి మీదికి ఎక్కి జారింది, మళ్లీ ఎక్కింది. మా ఆవిడ బట్టలు పాడవుతాయని అరుస్తుంటే అవ్వ "ఎక్కనీయ్" అన్నది. కుప్ప మొదట్లో మడిమల మీద కూర్చుని, సద్ది మూట ఇప్పి, ఎంగిలి చేయి కడగడానికి నీళ్లు ఏవని నన్ను అడిగింది. నీళ్ల సీసా కారులోనే మర్చిపోయాను.